నలుపైతే లేజర్ పనికిరాదా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది గాజువాక, నాకు 26 ఏళ్ళు. చామనచాయ కూడా కాదు, బాగానే నలుపు నేను. గడ్డం కిందా దవడ పక్కనా వెంట్రుకలు గట్టిగా వస్తున్నాయి, త్రెడింగ్ చేయించీ చేయించీ అక్కడంతా నల్లమచ్చలు పడిపోయాయి. ద్వారకానగర్‌లో ఒకచోట లేజర్ ఆఫర్ అంటే వెళ్ళాను, ఆరు సిట్టింగ్‌లకి ఒకేసారి కట్టెయ్యమన్నారు, ఏ మెషీన్ అండీ అంటే లేటెస్టే అన్నారు గానీ పేరు చెప్పలేదు. మా పిన్నేమో నల్లవాళ్ళకి లేజర్ పెడితే కాలిపోతాది అంటోంది, ఫ్రెండేమో ఆన్‌లైన్‌లో ఐపీఎల్ మెషీన్ కొనేసుకో, ఇంట్లోనే అయిపోతుంది అంటోంది. ఇంకో నాలుగు నెలల్లో పెళ్ళి. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ పిన్నిగారి మాట కొట్టిపారెయ్యకమ్మా, తప్పు మెషీన్ పెడితే ఈరోజుకీ అది నిజమే. సంగతేంటంటే లేజర్ వెలుగు వెంట్రుకలో ఉన్న నల్ల పదార్థం, అదే మెలనిన్, దాన్ని పట్టుకుని వేడిగా మారి కుదురుని కాలుస్తుంది. 1983లో ఆండర్సన్, పారిష్ అనే అమెరికా డాక్టర్లిద్దరు రాసిన సూత్రం మీదే ఈ మెషీన్లన్నీ నడుస్తున్నాయి. తెల్లతోలు మీద నల్లవెంట్రుక అయితే గొడవే లేదు, వెలుగు నేరుగా వెంట్రుకనే పట్టుకుంటుంది. మనకి అదే మెలనిన్ చర్మం పైపొరలోనూ దండిగా ఉంటుంది కదా, వెలుగు లోపలికి వెళ్ళకముందే అక్కడే సగం ఆగిపోయి చర్మాన్ని కాలుస్తుంది, బొబ్బలొస్తాయి, అవి తగ్గాక నల్లమచ్చో తెల్లమచ్చో నెలల తరబడి ఉండిపోతుంది.

అందుకని మనం చూసుకోవాల్సింది ఆ వెలుగు అల పొడవు ఎన్ని నానోమీటర్లు అని. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అని ఒకటుంది, దాన్ని మెలనిన్ తక్కువ పీల్చుకుంటుంది, లోతుకి వెళ్తుంది, అందుకే ముదురు రంగుకి అన్నిటికంటే సేఫ్ అదే. నొప్పి కాస్త ఎక్కువ, సన్నటి నూగు మీద అంతగా పనిచెయ్యదు, కానీ మీవి గట్టి వెంట్రుకలే కాబట్టి పర్లేదు. 810 దగ్గరుండే డయోడ్ మన దగ్గర ఎక్కువ క్లినిక్‌లలో కనిపిస్తుంది, మంచి కూలింగ్ పెట్టి, పవర్ తగ్గించి, పల్స్, అంటే ఒక్కో వెలుగు దెబ్బ, దాని నిడివి పెంచి చేసే చెయ్యి ఉంటే అదీ చాలామందికి సరిపోతుంది. 755 అలెగ్జాండ్రైట్ మాత్రం మీ రంగుకి వద్దు. మెషీన్ పేరు అడిగితే లేటెస్ట్ అని చెప్పే చోట డబ్బు కట్టకండి, నేనైతే ఆ మాట వినగానే లేచి వచ్చేస్తాను. ముందు చెవి కిందో దవడ చివరో చిన్న ప్యాచ్ టెస్ట్ చెయ్యమనండి, వెంటనే కాదు, కనీసం రెండ్రోజులు చూశాకే మిగతాది. రేపు పార్టీకి వెళ్ళాలి ఇవాళే కానిచ్చెయ్యండి అని మీరూ అడక్కూడదు మరి.

ఇక ఇంట్లో వాడే ఐపీఎల్. అది అసలు లేజరే కాదు, సుమారు 500 నుంచి 1200 దాకా రకరకాల వెలుగు కలిపి కొట్టే ఫ్లాష్. మన తోలు ఎక్కువగా పీల్చుకునే వెలుగు కూడా అందులో ఉంటుంది. డబ్బా మీద చర్మం రంగుల చార్ట్ వేస్తారు, ముదురు గడి దగ్గర ఇంటూ గుర్తు ఉంటుంది చూడండి. మంచి మెషీన్ అయితే రంగు చూసి ఫ్లాష్ కొట్టనే కొట్టదు, నాసిరకంది కొట్టేస్తుంది. కొనకండి.

వీటన్నిటికంటే ముందు ఒకటుంది. 26 ఏళ్ళకి గడ్డం కింద గట్టి వెంట్రుకలంటే నెలసరి సరిగ్గా వస్తోందా లేదా చూసుకోవాలి. పీసీఓఎస్, అంటే అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల తేడా, అది ఉంటే లేజర్ ఎన్నిసార్లు చేయించినా కొత్తవి పుడుతూనే ఉంటాయి. హార్మోన్ టెస్టులు చేయించండి, విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ స్కిన్ ఓపీలో చూపించుకున్నా చాలు, మొదటి రోజే ఆఫర్ ప్యాకేజీ అక్కర్లేదు. ఇంకో మాట, మెడికల్ షాపువాళ్ళు తెల్లబడతారని చేతిలో పెట్టే ట్యూబులు వాడుతున్నారా? వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, నెలల తరబడి రాస్తే మొహం మీద వెంట్రుకలు రావడానికి అదే కారణం అవుతుంది. 2018లోనే చర్మానికి రాసే స్టెరాయిడ్లని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదన్నారు, అయినా దొరుకుతూనే ఉన్నాయి, ఎవరి గోల వాళ్ళది.

సిట్టింగ్‌లు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది, నాలుగైదు వారాలకోటి, ఎందుకంటే ఎదిగే దశలో ఉన్న వెంట్రుకే చస్తుంది, మిగతావి వాటి టైమ్‌కి వస్తాయి. నాలుగు నెలల్లో మూడో నాలుగో అవుతాయి, చాలా తగ్గుతాయి, పూర్తిగా మాత్రం పోవు. శాశ్వతంగా పోతాయని రాసిచ్చేవాళ్ళని నమ్మొద్దు. ఆఖరిది పెళ్ళికి నెల ముందే ఆపెయ్యండి, సిట్టింగ్ అయిన వారంలో నలుగు పెట్టి రుద్దడాలు లేకుండా చూసుకోండి. ఈలోగా త్రెడింగ్, వ్యాక్సింగ్ మానెయ్యాలి, కుదురే పీకేస్తే లేజర్‌కి పట్టుకోడానికేం ఉండదు, షేవ్ చేసుకోవచ్చు, షేవ్ చేస్తే మందంగా వస్తాయన్నది వట్టి మాట. గాజువాక నుంచి స్కూటీ మీద మిట్టమధ్యాహ్నం తిరిగేవాళ్ళు ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ రాసుకుని స్కార్ఫ్ కట్టుకోవాల్సిందే. వెలుగు తగిలితే చర్మం త్వరగా కందేలా చేసే డాక్సీసైక్లిన్ లాంటి మందులు వాడుతుంటే ముందే చెప్పండి. చేశాక కుదుళ్ళ చుట్టూ ఎర్రగా ఉబ్బి ఒకట్రెండు రోజుల్లో తగ్గితే మామూలే. బూడిదరంగు పొక్కులూ బొబ్బలూ వస్తే మాత్రం అక్కడే ఆపించి చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: నాకు 52, ఎంవీపీ కాలనీ. గడ్డం మీద తెల్లవెంట్రుకలు నాలుగైదు. లేజర్‌తో పోతాయా?

జవాబు: పోవండీ. తెల్లదాంట్లో మెలనిన్ లేదు, వెలుగుకి దొరకదు. నాలుగైదే కాబట్టి ఎలక్ట్రాలిసిస్ చేయించండి, సన్నటి సూదితో ఒక్కో కుదురూ కాలుస్తారు, రంగుతో పనిలేదు. ఓపిక ఉండాలంతే.

ప్రశ్న: నేను అబ్బాయిని, రోజూ షేవ్ తప్పని ఉద్యోగం. మెడ నిండా కురుపులు, నల్లమచ్చలు. మగాళ్ళు లేజర్ చేయించుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. రింగుల జుట్టువాళ్ళకి ఇది మరీ ఎక్కువ, గీసిన వెంట్రుక వంకర తిరిగి మళ్ళీ చర్మంలోకే దూరి కురుపవుతుంది. పై చెల్లికి చెప్పిన 1064 మెషీనే మీకూ. కళ్ళకి గాగుల్స్ పెట్టకుండా ఎవరైనా మొదలుపెడితే ఆపించండి. రేపు గడ్డం పెంచుకోవాలనిపిస్తే బుగ్గల మీద తగ్గినవి మళ్ళీ నిండుగా రాకపోవచ్చు, కాబట్టి ప్రస్తుతానికి మెడవరకే చేయించుకోండి.