భయానికీ జబ్బుకీ మధ్య గీత ఎక్కడుంది? నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మీ తమ్ముడు మూడు నెలలుగా కాలేజీకి వెళ్లడం లేదు. గుండె దడ అంటాడు, పరీక్షల్లో ఏమీ లేదన్నారు. అమ్మగారు దిష్టి అంటున్నారు, నాన్నగారు సోమరితనం అంటున్నారు. యాంగ్జైటీ, పానిక్, డిప్రెషన్, ఓసీడీ అనే పేర్లన్నీ చదివి మీకు తల తిరుగుతోంది. ఇవి నిజంగా జబ్బులేనా, అయితే జీవితాంతం మందులు మింగాలా అని అడిగారు.

నేను డాక్టరును కాదు. విశాఖపట్నం పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఇల్లు మధురవాడలో. ఈ విషయంలో నాకున్న అర్హత ఒక్కటే: దాదాపు ఏడాది పాటు పానిక్ జబ్బును, అంటే ఉన్నట్టుండి విరుచుకుపడే భయాన్ని, ఇంట్లో పెట్టుకుని మేపాను.

2018 జూన్‌లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి బస్సులో వస్తున్నాను. జగదాంబ, కాంప్లెక్సు, మద్దిలపాలెం దాటి హనుమంతవాక వరకు బాగానే ఉన్నాను. జూ పార్కు దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. బస్సులో ఉక్క. ఉన్నట్టుండి నా గుండె చప్పుడు నా చెవుల్లోనే వినిపించడం మొదలైంది. వేళ్లు తిమ్మిరెక్కాయి, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుంది, పక్కసీటులో మనిషి ఎక్కడో దూరంగా కూర్చున్నట్టు కనబడ్డాడు. ఇక అయిపోయింది, అమ్మాయి పదో తరగతైనా చూడకుండా పోతున్నాను అనుకున్నాను. కండక్టరు బస్సు ఆపించి ఆటో ఎక్కించాడు. ఆసుపత్రి గుమ్మం చేరేసరికి సగం తగ్గిపోయింది. ఈసీజీ బాగుంది. ‘గ్యాస్ అండీ’ అని ఒక మాత్ర రాసి పంపేశారు.

తర్వాత నాలుగు నెలల్లో మరో మూడుసార్లు ఇదే తంతు. ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, రక్త పరీక్షలు, అన్నీ నార్మల్. ‘ఏమీ లేదు’ అన్న మాట విని సంతోషించాల్సింది పోయి నాకు కోపం వచ్చేది. ఏమీ లేకపోతే మరి ఇది ఏమిటి? మా అత్తగారు సింహాచలం తీసుకెళ్లి మొక్కించి, చేతికి తాడు కట్టించారు.

ఈ నాలుగు దడల కంటే ఎక్కువ నష్టం చేసింది, వాటి మధ్య నేను చేసుకున్న ఏర్పాట్లు. ఊరంతా నాకు ఆసుపత్రుల పటమైపోయింది. హనుమంతవాకలో విమ్స్, జగదాంబ దగ్గర కేజీహెచ్, ఏ స్టాపు నుంచి ఏది ఎన్ని నిమిషాల దూరమో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడిని. ఎండాడకూ హనుమంతవాకకూ మధ్య ఒకవైపు కంబాలకొండ అడవి, మరోవైపు జూ పార్కు. ఆ ముక్క దాటడం నావల్ల కాలేదు. రుషికొండలో ఆసుపత్రి ఉంది కదా అని కొన్నాళ్లు బీచ్ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి ఆఫీసుకు వెళ్లాను. చొక్కా జేబులో ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలం బిళ్ల ఒకటి, గుండెపోటు వస్తే పనికొస్తుందని ఒక ఆస్పిరిన్. చేతిలో నీళ్ల సీసా. ఆ తర్వాత బస్సు మానేశాను, సినిమాహాలు మానేశాను, చివరికి సెలవులు పెట్టడం మొదలుపెట్టాను.

మీరడిగిన గీత ఇక్కడే ఉంది. ఈ జబ్బులను రక్త పరీక్షతో తేల్చడం ఇంకా కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఒకటుంది, దాని పదకొండో కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికా మనోవైద్యుల సంఘం వాళ్ల డీఎస్ఎం మరొకటి. రెండూ ముఖ్యంగా చూసేవి లక్షణాలు ఏవి, ఎన్నాళ్లుగా ఉన్నాయి, బతుకును ఎంత కుంగదీశాయి అన్నవి. డిప్రెషన్ అనాలంటే డీఎస్ఎం చెప్పే తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు, రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ ఉండాలి. అందులో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఒకటి తప్పనిసరి. అన్నిటి గురించీ అదుపు లేకుండా మథనపడే జనరలైజ్డ్ యాంగ్జైటీకి ఆరు నెలలు. పానిక్ విషయంలో ఒక్కసారి దడ రావడం జబ్బు కాదు, అది చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఊహించని దడలు మళ్లీ మళ్లీ వచ్చి, ‘ఇంకోసారి వస్తే ఎలా’ అనే భయం నెలకు పైగా పట్టుకున్నా, దానికోసం మనిషి తన అలవాట్లు మార్చుకున్నా అప్పుడు అది జబ్బు. నేను బీచ్ రోడ్డు చుట్టు తిరిగిన రోజులన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

రెండు వారాలే ఎందుకు, పన్నెండు రోజులైతే కాదా అని మా డాక్టరుగారితో వాదించాను. ‘ఎక్కడో ఒకచోట గీయాలి కదండీ, మీ ఆఫీసులో మార్చి 31 లాగా’ అన్నారు. లెక్కలవాడిని, నోరు మూసుకున్నాను.

పానిక్‌కు ఒక విడి జబ్బుగా గుర్తింపు వచ్చిన కథ నాకు చాలా ఇష్టం. 1960ల ప్రాంతంలో డొనాల్డ్ క్లైన్ అనే అమెరికా మనోవైద్యుడు ఆందోళన రోగులకు ఇమిప్రమిన్ అనే మందు ఇచ్చి చూశాడు. కొన్ని వారాల తర్వాత అడిగితే రోగులు ఏమీ తేడా లేదన్నారు. వార్డులో సిబ్బంది మాత్రం వేరే మాట చెప్పారు: వీళ్లు ‘చచ్చిపోతున్నాం’ అంటూ నర్సుల గదికి పరుగెత్తుకు రావడం మానేశారు! అంటే దడ ఆగింది, అది మళ్లీ వస్తుందేమోనన్న దిగులు మిగిలింది. రెండూ వేరువేరు అని అక్కడే తేలింది. 1980లో డీఎస్ఎం మూడో కూర్పు పానిక్‌ను విడిగా చేర్చింది. నేను మనోవైద్యుడి దగ్గరికి వెళ్లింది 2019లో. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ పేరు పుస్తకంలో ఉంది, నాకు చెప్పింది మాత్రం గ్యాస్ అని.

మందు మొదలుపెట్టాక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ మొదటి రోజంతా నా మాటలు విన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు గడియారం బల్లమీద పెట్టి, ‘నోటితో ఒక నిమిషం వేగంగా ఊపిరి పీల్చి వదలండి’ అన్నారు. (గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు అయ్యాకే ఇది చేయిస్తారు, మీరు ఇంట్లో ప్రయత్నించకండి.) నలభై సెకన్లకే వేళ్లు తిమ్మిరెక్కాయి. పెదవుల చుట్టూ చీమలు. ఆవిడ ముఖం దూరం జరిగింది. ‘బస్సులో వచ్చింది ఇదేనా?’ అన్నారు. ఇదే. అచ్చంగా ఇదే. నా చేతులు నేనే చూసుకుంటూ కూర్చున్నాను. ఆసుపత్రుల మధ్య ఇంతకాలం మోసుకు తిరిగిన చావును ఈ కుర్చీలో నిమిషంలో నేనే తయారుచేశాను.

తర్వాత ఆవిడ వివరించారు. అతిగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో తిమ్మిర్లు, తల తేలిపోవడం. పానిక్‌లో రక్తపోటు సాధారణంగా పెరుగుతుంది, కాబట్టి స్పృహ తప్పి పడిపోవడం అరుదు. దడను చూసి గుండెపోటు అనుకుంటాం, ఆ భయానికి దడ ఇంకా పెరుగుతుంది. బస్సు దిగితే వెంటనే హాయి. ఆ హాయే అసలు చిక్కు. దిగబట్టి బతికాను అని మనసు రాసిపెట్టుకుంటుంది. దిగకపోయినా బతికేవాడినని తెలుసుకునే అవకాశం దానికి ఎప్పుడూ రాదు.

చికిత్స అంటే ఆ అవకాశం ఇవ్వడమే. కాగితం మీద ఎనిమిది మెట్లు రాశాం. మొదటిది మధ్యాహ్నం ఖాళీ బస్సులో ఎండాడ నుంచి హనుమంతవాక. అయిదోది సాయంత్రం రద్దీలో నిలబడి. ఏడోది జేబులో బిళ్ల లేకుండా. ఎనిమిదోది నీళ్ల సీసా లేకుండా, మా ఆవిడకు ఫోను చేయకుండా. అన్నిటికంటే నన్ను ఏడిపించింది ఆ సీసాయే, నవ్వకండి.

ఇది పట్టుబడితే మిగతా పేర్లూ అంత గందరగోళంగా అనిపించవు. మా అమ్మమ్మ మడి కట్టుకుని వంటింట్లోకి ఎవరినీ రానిచ్చేది కాదు. అది చాదస్తం, ఆమెకు అందులో తృప్తి ఉండేది. ఓసీడీ ఉన్నవాడికి తృప్తి ఉండదు. వద్దన్నా వచ్చే ఆలోచన, అది తగ్గడానికి మళ్లీ చేతులు కడగడం, రోజులో గంటకు పైగా దానికే పోవడం. కడిగితే కాసేపు హాయి, కాబట్టి మళ్లీ కడుగుతాడు. అక్కడ చికిత్స కడగకుండా ఆగడం నేర్పుతుంది. డిప్రెషన్ దారి కొంత వేరు. ఓపిక లేదని మానుకున్న ప్రతి పనితోపాటు ఆ పని ఇచ్చే కాస్త సంతోషమూ పోతుంది, దాంతో ఓపిక ఇంకా తగ్గుతుంది. అందుకే ఓపిక వచ్చాక లేవడం కాకుండా, చిన్న పనితో ముందు లేపుతారు. నాన్నగారికి సోమరితనంగా కనబడేది ఇదే కావచ్చు. సోమరికి పడుకుంటే సుఖం. మీ తమ్ముడికి ఉందా? అడిగి చూడండి.

మందుల సంగతి. నాకు ఎస్సిటలోప్రామ్ ఇచ్చారు. ఎస్ఎస్ఆర్ఐ అనే రకం మందు, ఆందోళనకూ డిప్రెషన్‌కూ రెండింటికీ వాడతారు. మొదటి పది రోజులు దడ కొంచెం పెరిగింది, వికారం. ముందే చెప్పారు కాబట్టి ఆపలేదు. నాలుగో వారం నుంచి తేడా తెలిసింది. పద్నాలుగు నెలలు వాడి, మెల్లగా తగ్గిస్తూ ఆపాను. కొందరికి ఇంకా ఎక్కువకాలం అవసరమవుతుంది, నిజమే, ముఖ్యంగా జబ్బు తిరగబెట్టినవాళ్లకు. ఇవి మత్తుకు అలవాటు చేసే మందులు కావు, కానీ ఒక్కసారిగా ఆపకూడదు. అలవాటయ్యేవి ఆల్ప్రజోలం లాంటివి. తెలిసిన మందుల షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లను చాలామందిని చూశాను, నేనూ వాళ్లలో ఒకడినే. ‘మనోవ్యాధికి మందు లేదు’ అనే సామెత ఎవరైనా అంటే ఇప్పుడు నాకు చిరాకు.

మీ తమ్ముడికి ఏముందో నేను చెప్పకూడదు. థైరాయిడ్, రక్తహీనత చూశారో లేదో కనుక్కోండి, రెండూ ఈ వేషం వేస్తాయి. లేని గొంతులు వినబడుతున్నాయన్నా, ఎవరో తనమీద కుట్ర పన్నుతున్నారన్నా అది ఈ కోవలోది కాదు. ఆ వయసులోనే మొదలవుతుంటుంది, ఆలస్యం చేయకండి. చావు మాట ఎత్తినా అంతే: తనను ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరును కలవండి. 14416కి ఫోను చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ.

మందులు రాసేది మనోవైద్యుడు, అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ శాఖలో చదివినవారు. సైకాలజిస్టు మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేస్తారు, మందులు రాయరు. ఇద్దరూ కావాల్సి రావచ్చు. డబ్బు ఇబ్బందైతే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు చెబితే మన ఊళ్లో నవ్వుతారని తెలుసు, చిన్నప్పుడు నేనూ నవ్వాను. అది ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రి, ఓపీ చూపించుకుని ఇంటికి వచ్చేయవచ్చు.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, ఏమేమి మానేశాడు, నిద్ర, తిండి, ఇంతకుముందు వాడిన మందులు. అమ్మగారిని కూడా తీసుకెళ్లండి, ఆవిడ చూసినవి మీరు చూసి ఉండరు. తమ్ముడి చేతికి తాడు ఉంటే దానితో గొడవ పెట్టుకోకండి. నాది తీసేయమని డాక్టరుగారు ఏనాడూ అనలేదు. మా అత్తగారు తగ్గింది దానివల్లే అని నమ్ముతారు, ఏటా కొత్తది కట్టిస్తున్నారు.