మధ్యలో కోర్సు మానితే ర్యాంకు పోతుందా?

ప్రశ్న: మా మనవరాలు టెక్సస్‌లో పదకొండో తరగతి చదువుతోంది. గణితంలో కఠినమైన కోర్సు తీసుకుని, మోయలేక మధ్యలో మానుకుంటానంటోంది. ర్యాంకు దెబ్బతింటుందా? మళ్లీ చదివి గ్రేడు దిద్దుకోవచ్చా?
– ఒక తాతగారు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: మన ఇంటర్ బోర్డులా రాష్ట్రమంతటికీ ఒకే నియమం అక్కడ ఉండదు, చాలా విషయాలను ఆయా స్కూలు డిస్ట్రిక్టులే (స్థానికంగా బడులను నడిపే సంస్థలు) నిర్ణయిస్తాయి. తొలి వారాల్లో మానుకుంటే సాధారణంగా రికార్డులో జాడ మిగలదు. గడువు దాటాక మానితే చాలా చోట్ల ట్రాన్స్‌క్రిప్టులో, అంటే గ్రేడుల పట్టికలో, ‘డబ్ల్యూ’ (మధ్యలో మానుకున్నట్టు గుర్తు) పడుతుంది. దానికి పాయింట్లు లేవు కనుక ర్యాంకుకు ఆధారమైన గ్రేడు పాయింట్ల సగటు తగ్గదు. అయితే ఫెయిలయ్యే స్థితిలో మానిన వారికి కొన్ని బడులు ‘డబ్ల్యూఎఫ్’ (ఫెయిలవుతూ మానినట్టు గుర్తు) వేసి, ఫెయిలుగానే లెక్కిస్తాయి. అసలు భయపడవలసింది దీనికే.

ర్యాంకు సంగతి టెక్సస్‌లో తేలికగా తీసుకోదగినది కాదు. 1997 నాటి చట్టం ప్రకారం తరగతిలో మొదటి 10 శాతంలో నిలిచినవారికి అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం దొరుకుతుంది. ఆస్టిన్ నగరంలోని టెక్సస్ విశ్వవిద్యాలయం మాత్రం ఇంకా తక్కువ శాతానికే ఆ హామీ ఇస్తోంది. కఠినమైన కోర్సులో ‘ఏ’ గ్రేడుకు 4 బదులు 5 పాయింట్లిచ్చే బడిలో ఆ కోర్సు మానితే ఆ అదనం పోతుంది. కానీ అందులో ‘సి’ తెచ్చుకోవడం కంటే మామూలు కోర్సులో ‘ఏ’ తెచ్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

మన ఇంటర్ బెటర్‌మెంట్‌లో ఎక్కువ వచ్చిన మార్కులే నిలుస్తాయి. అక్కడ కోర్సు మళ్లీ చదివితే కొన్ని బడులు కొత్త గ్రేడునే తీసుకుంటాయి, కొన్ని రెండింటినీ సగటు కడతాయి. మానుకోవడానికి గడువు ఎప్పటివరకో పాపను ఈ వారమే స్కూలు కౌన్సెలర్‌ను అడగమనండి.