ఆయన వంతు పింఛన్లు మీరెందుకు పంచుతున్నారు?

ఉత్తరం: అమ్మా, మాది అనంతపురం. నాకు 33 ఏళ్ళు. 2019లో సచివాలయం ఉద్యోగాలు పడ్డప్పుడు పరీక్ష రాసి, వార్డు సచివాలయంలో సెక్రటరీగా చేరాను. నాతోపాటే చేరిన ఒకాయన ఉన్నారు. పొద్దున్నే వచ్చి ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసుకుంటారు, ఆ తర్వాత ప్లాట్ల బేరాల మీద వెళ్ళిపోతారు. ఇంటింటి సర్వేలైనా, అర్జీలైనా ఆయన వంతు నా నెత్తినే పడుతోంది. ఒకటో తారీఖు వచ్చిందంటే "అక్కా, ఈ నెల నావి కూడా కొంచెం చూడక్కా" అని తన పింఛన్ల జాబితా, ఫోను నా చేతిలో పెట్టి పోతారు. కాదంటే ముసలివాళ్ళ ఉసురు తగులుతుందేమోనని చేస్తున్నాను. మొన్న ఒకటో తారీఖు రాత్రి ఇంటికొచ్చి, ఏమీ తప్పు చేయని నా కూతురి పుస్తకం విసిరికొట్టాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆయన మీద కమిషనర్‌కు ఫిర్యాదు చేయమంటారా? ఆయన్ని మార్చే దారి ఏదైనా ఉందా? లేక నేనే బదిలీ పెట్టుకోవాలా? పేరు రాయవద్దు.

జవాబు: మీ మూడు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. కమిషనర్ దగ్గరికి ఇప్పుడే వెళ్ళొద్దు. ఆయన్ని మార్చడం మీ పని కాదు. బదిలీ అక్కర్లేదు.

నన్ను ఆపేసింది ఆ మూడూ కాదు. మీ ఉత్తరం నాలుగు పేజీలు, పైన అచ్చువేసింది అందులో కొంతే. నన్ను ఆపేసింది మూడో పేజీ చివర మీరు రాసిన మూడు వాక్యాలు. "మా తమ్ముడు కూడా మా దగ్గరే ఉండి గ్రూప్స్‌కి చదువుకుంటున్నాడు. ఆరేళ్ళయింది. వాణ్ణి ఏమీ అనలేం కదా, చిన్నప్పటి నుంచి సుకుమారంగా పెరిగాడు." మళ్ళీ వెంటనే ఆఫీసు గొడవలోకి వెళ్ళిపోయారు. పక్క కుర్చీలో మనిషి గురించి మూడున్నర పేజీలు, మీ ఇంట్లో తిని పడుకునే మనిషి గురించి మూడు వాక్యాలు. నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ తమ్ముడి గురించే.

ఇంకొక మాట కూడా ఉత్తరంలో ఉంది. ఆ మూడు వాక్యాలకు పైనే రాశారు, బహుశా గమనించకుండానే. ఇంటర్‌లో వాడి ప్రాక్టికల్ రికార్డులన్నీ మీరే రాసి పెట్టారట. చేతిరాత బాగుందని సారు మెచ్చుకున్నారట. అమ్మా, మీ ఆఫీసులో మీరు ఇప్పుడు చేస్తున్నది కూడా అదే పని. అప్పుడు తమ్ముడి పేరు మీద రికార్డు రాశారు, ఇప్పుడు ఇంకొకరి పేరు మీద సర్వేలు పూర్తి చేస్తున్నారు. "అక్కా" అని పిలిచి బరువు అప్పగిస్తే తీసుకోవడం మీకు ఇంట్లోనే అలవాటయింది. ఆయన సోమరే, సందేహం లేదు. కానీ అంత కోపం ఆయన ఒక్కడి మీదా? నాకు నమ్మకం లేదు. తమ్ముడి మీద చూపించలేని కోపాన్ని ఆయన మీద పెంచుకుంటున్నారు, ఆయన మీద కూడా చూపించలేక పాప పుస్తకం మీద చూపించారు. ఇంట్లో మీకు ఎదురు చెప్పలేనిది ఆ పిల్ల ఒక్కతే కాబట్టి.

మీ నాన్నగారు కళ్యాణదుర్గం వైపు మెట్టపొలంలో సెనక్కాయ వేసేవారని, వానలు మొహం చాటేసిన ఏడు అమ్మానాన్న ఇద్దరూ బెంగళూరుకు బేల్దారి పనికి పోయేవారని రాశారు. ఆ రోజుల్లో అవ్వ దగ్గర ఉండి తమ్ముణ్ణి సాకింది మీరే. వాడికి అన్నం పెట్టి, బడికి పంపి, వాడి సంచీ మీరే మోసి పెంచారు. అది ఎంత ప్రేమో నాకు అర్థమవుతుంది. అంత కాయకష్టం చేసిన ఇంట్లో ఒక్క మగపిల్లవాడు మాత్రం ఎండ తగలకుండా పెరిగాడంటే, ఆ ఎండ అంతా ఎవరో ఒకరు తమ మీద వేసుకున్నట్టే. వేసుకున్నది మీరు. ఇప్పుడు వాడికి ముప్ఫై. కోచింగ్ ఫీజు, బైక్ పెట్రోలు, ఫోన్ రీచార్జ్ మీవే. తిన్న కంచం కూడా వాడు తీయడని మీరు ఉత్తరంలో రాయలేదు, కానీ రాయకపోయినా నాకు తెలుసు.

వాడి పక్షాన చెప్పాల్సింది ఒకటుంది, న్యాయం కోసం చెప్తాను. గ్రూప్-2 నోటిఫికేషన్ 2018 డిసెంబర్‌లో వచ్చాక, మళ్ళీ వచ్చింది 2023 డిసెంబర్‌లోనే. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది. మెయిన్స్ వాయిదాల మీద వాయిదాలు పడి 2025 ఫిబ్రవరి 23న జరిగింది. ఆ మధ్య ఏళ్ళన్నీ పుస్తకాలు ముందు పెట్టుకుని కాచుకున్న పిల్లలు మన జిల్లాలో ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ళందరినీ సోమరులని నేను అనను. వాళ్ళలో చాలామంది ట్యూషన్లు చెప్తూ, మెడికల్ షాపుల్లో కూర్చుంటూ, రాత్రి చదువుకున్నారు. కానీ మీ ఉత్తరంలో మీ తమ్ముడు ఆ ప్రిలిమ్స్ పాసయ్యాడో లేదో ఒక్క మాట లేదు. మెయిన్స్ రాశాడో లేదో లేదు. మీరు దాచారని నేను అనుకోవడం లేదు. మీరు అడగలేదు. అడిగితే ఏం జవాబు వస్తుందోనని భయపడి అడగలేదు.

తమ్ముడికి పెట్టడం తప్పని నేను అనను. ఆడపిల్లకు పుట్టింటి గడప నిలబడాలంటే తమ్ముడు నిలబడాలి, అది మనందరికీ తెలిసిన సంగతే. నేనూ ఇద్దరు తమ్ముళ్ళకు అక్కనే. కానీ నిలబెట్టడం వేరు, ఎత్తుకుని తిరగడం వేరు. ముప్ఫై ఏళ్ళ మనిషిని ఎత్తుకుని తిరిగితే మీ నడుం విరుగుతుంది, వాడి కాళ్ళు చచ్చుబడతాయి. వాడికి మీరు చేస్తున్నది మేలు కాదు. రేపు వాడికి ఒక పిల్లనిస్తారు, ఆ అమ్మాయి కూడా ఇంకో అక్కలా బతకాల్సి వస్తుంది. ఆ పాపంలో మీకూ భాగం ఉంటుంది. ఈ మాట గట్టిగా చెప్తున్నందుకు నొచ్చుకోకండి.

మీ ఆయన గురించి ఒకే ఒక్క మాట రాశారు, "మంచివారు" అని. ఆరేళ్ళుగా బామ్మర్దిని ఇంట్లో పెట్టుకుని, స్పేర్ పార్ట్స్ షాపు జీతంలో ఇల్లు నడుపుతూ, పల్లెత్తు మాట అనని మనిషి. ఆయన్ని ఒక్కసారైనా కూర్చోబెట్టి "నీకెలా ఉంది" అని అడిగారా? ముందు అది చేయండి. తమ్ముడితో మాట్లాడేది ఆయనతో మాట్లాడిన తర్వాతే.

తమ్ముడితో మాట్లాడేటప్పుడు ఆదివారం పెట్టుకోండి, మీ ఆయన కూడా ఇంట్లో ఉండాలి. అమ్మకు ముందుగా ఫోన్ చేసి చెప్పొద్దు. చెప్తే ఆవిడ ఏడుస్తుంది, మీరు కరిగిపోతారు, కథ అక్కడితో అయిపోతుంది. అరవొద్దు. పాతవి తవ్వొద్దు. ప్రిలిమ్స్‌లో ఎన్ని మార్కులొచ్చాయని అడగండి. చెప్పిన జవాబు ఏదైనా వినండి. తర్వాత మూడు మాటలు చెప్పండి. వచ్చే నెల నుంచి పెట్రోలు, ఫోను ఖర్చు వాడిదే, అందుకు పూటపని ఏదైనా చూసుకోవాలి. పాపను బడి నుంచి తీసుకురావడం, నీళ్ళ క్యాన్లు తేవడం వాడి పని. కోచింగ్ ఫీజు మాత్రం ఇంకొక్క పరీక్ష దాకా మీరు కడతారు, ఆ తర్వాత కట్టరు. అంతే. దానికి వాడు అలిగి రెండు రోజులు ఫ్రెండ్ రూములో పడుకుంటాడు. పడుకోనివ్వండి. ఆ రెండు రోజులూ ఫోన్ చేసి "అన్నం తిన్నావా" అని అడగకుండా ఉండటం మీకు అన్నిటికన్నా కష్టం. ఉండండి.

ఇక ఆఫీసు. ఇంట్లో ఒకసారి "కాదు" అన్న నోటికి ఆఫీసులో అనడం అంత కష్టం కాదు, అందుకే దీన్ని వెనక పెట్టాను. అయినా ఇందులో మీకు తెలియని ప్రమాదం ఒకటుంది, అది వివరంగా చెప్పాలి.

2024 జూలై 1న మీరంతా మొదటిసారి ఇల్లిల్లూ తిరిగి పింఛన్లు పంచారు గుర్తుందా? వాలంటీర్లు లేకుండా, నాలుగు వేల పింఛనుకు మూడు నెలల బకాయి మూడు వేలు కలిపి ఏడు వేలు ఒక్కొక్కరి చేతిలో పెట్టారు. అప్పటి నుంచి ప్రతి నెలా మీ చేతుల్లో లక్షల రూపాయల నగదు తిరుగుతోంది. ఎవరి జాబితా వాళ్ళది, ఎవరి లాగిన్ వాళ్ళది, పంచగా మిగిలింది తిరిగి కట్టాల్సింది ఆ జాబితా ఎవరిదో వాళ్ళు. మీరేమో ఆయన లాగిన్‌తో, ఆయన ఫోన్‌తో, ఆయన సంతకం మీద తీసుకున్న డబ్బు పంచుతున్నారు. ఏ అవ్వకో వేలిముద్ర పడక వెనక్కి వచ్చిన నాలుగు వేలు లెక్కలో తేడా వస్తే ఏమంటారు? కాగితం మీద మీ పేరే లేదు, చేతిలో డబ్బు మాత్రం మీది. ఆ రోజు ఆయన "అక్కకే తెలుసు" అంటారు. అందుకని ఇది మర్యాద సంగతి కాదు. మీ ఉద్యోగం సంగతి. వచ్చే నెల నుంచి ఆయన ఫోను మీ చేతిలోకి రాకూడదు.

నెలాఖరున బ్యాంకు నుంచి డబ్బు తెచ్చి పంచుకునేటప్పుడు, నలుగురూ ఉండగా, నవ్వు ముఖంతోనే చెప్పండి: "సార్, ఈసారి నాది నేను చూసుకుంటా, మీది మీరు చూసుకోండి." కారణం చెప్పొద్దు. పాపకు జ్వరమనో, అత్తగారొచ్చారనో సాకు చెప్తే, పై నెల జ్వరం తగ్గుతుంది, జాబితా మళ్ళీ వస్తుంది.

ముసలివాళ్ళు ఏం పాపం చేశారని మీరు అడుగుతారు. మీరు అలా అడుగుతారనే ధైర్యంతోనే ఆయన ప్లాట్లు చూపిస్తూ తిరుగుతున్నారు. మీ జాలే ఆయనకు సెలవు చీటీ. ఒకటో తారీఖున పింఛను రాని ముసలాయన సచివాలయానికి వస్తే, కుర్చీ వేసి కూర్చోబెట్టండి, మంచినీళ్ళివ్వండి, మీ పింఛను ఇవ్వాల్సింది ఫలానా సారు అని పేరు చెప్పి, ఆయనకు మీ ముందే ఫోన్ చేయించండి. ఇన్నాళ్ళూ ఆ వీధిలో ఎవరికీ ఆయన పేరు తెలియదు. అదే ఆయనకు రక్ష. మంచం పట్టిన మనిషి ఎవరైనా ఉండి, ఆయన ఆ రోజంతా రాకపోతే, ఆ ఒక్కరి సంగతి మీ సచివాలయంలో అందరి పనీ చూసుకునే అడ్మిన్ సెక్రటరీకి రాసి చెప్పండి. పరుగెత్తుకుంటూ వెళ్ళి మీరు పంచొద్దు.

ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజనీరు వంద ఏళ్ళ కిందటే మనుషుల చేత తాడు లాగించి కొలిచాడు. ఒంటరిగా లాగినంత బలం గుంపులో ఒక్కొక్కరి నుంచి సగటున రాలేదు, గుంపు పెరిగేకొద్దీ తలా ఒకరి లాగుడు తగ్గింది. ఆ తర్వాత ఈ సంగతిని పరిశోధించినవాళ్ళు తేల్చింది ఏమిటంటే, ఎవరెంత చేశారో విడివిడిగా కనిపించే చోట ఈ బద్ధకం తగ్గుతుందని. మీ సచివాలయంలో అది కనిపించకుండా కప్పిపెడుతున్నది మీరే. సర్వే ఫారాలైనా, అర్జీలైనా వీధుల వారీగా పేర్లు రాసి గోడకు అంటించమని అడ్మిన్ సెక్రటరీని అడగండి. అది ఫిర్యాదు కాదు. పని పంపకం. రెండు నెలలు అలా నడిచాక కూడా ఆయన వంతు ఖాళీగా ఉంటే, అప్పుడు తారీఖులతో, వీధుల పేర్లతో ఒక కాగితం రాసి పైకి పంపండి. ఆయన ప్లాట్ల వ్యాపారం గురించి అందులో ఒక్క అక్షరం రాయొద్దు, జరగని పని గురించే రాయండి.

జీతం తీసుకుని పని చేయకపోవడం దొంగతనమని నేను నమ్ముతాను. ప్రభుత్వ జీతమైతే ఇంకా పెద్ద దొంగతనం, ఆ డబ్బులో అగ్గిపెట్టె కొన్న కూలివాడి పైసా కూడా ఉంటుంది. కానీ ఆ దొంగతనం బయటపడకుండా పక్కన నిలబడి కాపలా కాయడం మంచితనం కాదు. "మేడమ్ లేకపోతే ఈ సచివాలయం నడవదు" అని అందరూ అంటారని సంతోషంగా రాశారు. ఆ మాట మీకు తీపిగా ఉందని నాకు తెలుసు, చిన్నప్పుడు అవ్వ కూడా అలాగే అని ఉంటుంది. కానీ నడవనివ్వండి. మీరు ఒక రోజు సెలవు పెట్టినా నడిచేలా ఉండాలి.

బదిలీ ఎందుకు వద్దన్నానో ఇప్పటికి మీకే అర్థమై ఉంటుంది. ఇక ఈ రాత్రికి ఒక పని చేయండి, దీనికి ఆదివారం దాకా ఆగొద్దు. పాపకు కొత్త నోట్‌బుక్ కొని, తప్పు అమ్మదే అని చెప్పండి.

మీ అమ్మగారు నొచ్చుకుంటారు, "తోడబుట్టినవాణ్ణి పరాయి చేశావు" అంటారు. వాదించకండి, పుట్టింటికి పోవడం మానకండి. సెనక్కాయలు పీకే రోజుల్లో రెండు రోజులు సెలవు పెట్టి, పాపనూ మీ ఆయన్నూ తీసుకుని మామూలుగానే వెళ్ళండి. తమ్ముణ్ణి కూడా రమ్మనండి, మీ నాన్న పక్కన ఒక సాలు వాడికి కేటాయించండి. మీ సాలు ముందుగా అయిపోయినా, వెనక్కి వచ్చి వాడిది పీకొద్దు.