కార్తెకు రెండు పేజీలు

చెల్లే,

బొమ్మల ప్రకృతి డైరీ మొదలుపెడతానన్నావు. పేజీల పైన నెలల పేర్లు రాయకు, కార్తెలు రాయి. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13–14 రోజులు, కార్తెకు ఎదురెదురు రెండు పేజీలు. జూన్ అని రాస్తే ఏం వెతకాలో తెలియదు. ఆరుద్ర అని రాస్తే వాన పడ్డ తెల్లారే చెలకలోకి పోతావు, ఎర్ర మఖమల్ పురుగుల కోసం.

వాటికి కొత్తవాళ్లు ఆరు కాళ్లు వేస్తారు. లెక్కపెట్టు, ఎనిమిది ఉంటాయి. అవి సాలీడుకు చుట్టాలు. దసరాకు పాలపిట్టను నిండా నీలంగా పూసేయడం కూడా ఇలాంటి తప్పే. తీగ మీద కూర్చున్నప్పుడు వీపు, రొమ్ము గోధుమరంగులోనే కనబడతాయి, నీలం బాగా కనబడేది రెక్క విప్పినప్పుడే. కూర్చున్నదొకటి, ఎగిరేదొకటి పక్కపక్కన వెయ్యి.

పుస్తకం చిన్నదే కొను, కాగితం మాత్రం 200 జీఎస్‌ఎంకు తగ్గొద్దు (జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో). పలచటి కాగితం నీళ్ల రంగుకు ముడుచుకుపోతుంది. పెన్నుతో గీత గీసి, ఐదు నిమిషాలాగి తడి వేలితో రుద్ది చూడు. అలుక్కుపోతే ఆ పెన్ను రాతకే.

బతుకమ్మకు తెచ్చే గునుగు కంకి కొసన గులాబీగా, కిందికి తెల్లగా ఉంటుంది, కింది పూలు ముందు విచ్చుకుంటాయి కాబట్టి. తెలుపు పూయకు, కాగితాన్నే వదిలెయ్. మోదుగు కష్టం. ఐదు రెక్కల్లో ఒకటి పైకి లేచి ఉంటుంది, రెండు పక్కలకు, మిగతా రెండు కలిసి చిలుకముక్కులా వంగుతాయి. రెక్కలను అడుగున పట్టుకున్న గిన్నె దాదాపు నల్లగా ఉంటుంది, ఆ నలుపు లేకుంటే నారింజ వెలగదు. పేపర్ల మధ్య ఒత్తి పెడితే ఆకారం మిగులుతుంది గానీ రంగు మాడిపోతుంది. అందుకే రంగు తెంపిన రోజే వెయ్యాలి.

రోహిణి ఎండకు రంగు పరుచుకోకముందే ఆరి అంచులు గీతలు కడుతుంది. ముందు కాగితం తడిపి, పొద్దున 8 లోపే ముగించు. ముసురులో దానికి ఉల్టా: గంటసేపైనా ఆరదు, మూసేస్తే ఎదుటి పేజీకి అంటుకుంటుంది. మధ్యన పల్చటి కాగితం పెట్టు. తడి పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో కట్టకు, బూజు పడుతుంది.

ఇంటి దగ్గరి ఒక్క రేల చెట్టును ప్రతి కార్తెలోనూ గియ్యి: మోడు, పసుపు గుత్తులు, పచ్చికాయ, నల్లకాయ. ఏ మార్పూ కనబడని కార్తెలో "మార్పు లేదు" అని రాసి, తేదీ, వేళ, ఆకాశం ఎట్లుందో కింద రాయి. ఖాళీ మాత్రం వదలకు. వచ్చే ఏడు ఆ పేజీ తీస్తే, చూసి మార్పు లేదనుకున్నావో, అసలు చూడనే లేదో నీకే తెలియకుండా పోతుంది.