కేబుల్ తీసేస్తే నిజంగా మిగులుతుందా? ఆటలు చూసే ఇంటికి ఒక లెక్క

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇంటర్నెట్‌తో కలిపి కేబుల్ బిల్లు నెలకు 236 డాలర్లు వస్తోంది. తీసేద్దామని మా ఆవిడ ఎప్పటినుంచో అంటోంది. మా ఇంట్లో టీవీ అంటే ఆటలే. నాకు క్రికెట్, డల్లాస్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ కావాలి. ఆస్టిన్‌లో చదివాను కాబట్టి మా టెక్సస్ యూనివర్సిటీ జట్టు లాంగ్‌హార్న్స్ ఫుట్‌బాల్ కూడా వదలను. పదకొండేళ్ల మా బాబుకి బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్ అంటే ప్రాణం. కానీ ఆఫీసులో కేబుల్ తీసేసినవాళ్లు నాలుగైదు యాప్‌లకు కడుతూ "చివరికి అంతే అవుతోంది" అంటున్నారు. నిజంగా ఏమైనా మిగులుతుందా? మిగిలితే ఇండియాలో మ్యూచువల్ ఫండ్ సిప్ మొదలుపెట్టాలని ఉంది. 24 శాతం వడ్డీతో 2,900 డాలర్ల కార్డు బాకీ ఉంది, దానికి నెలకు 100 కడుతున్నాను. బిల్లు కాపీ జత చేశాను.

జవాబు: మిగులుతుంది. మీ ఇంటి లెక్క ప్రకారం ఏడాదికి 1,400 డాలర్లకు తగ్గదు. మీ శ్రీమతి గారు చెప్పింది సరైనదే. అయితే మీ ఆఫీసువాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు. తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే, ఆటల అభిమానులు కేబుల్‌ను ఎందుకు వదిలేస్తున్నారో ముందు చూడాలి. మీ బిల్లులోనే ఆ కారణం ఉంది.

మీరు పంపిన బిల్లులో ఇంటర్నెట్ 75, టీవీ ప్యాకేజీ 112, లోకల్ చానళ్ల ఫీజు 24, ప్రాంతీయ స్పోర్ట్స్ ఫీజు 12, బాక్సుల అద్దె 13. అంటే టీవీకి మాత్రమే 161 డాలర్లు, ఏడాదికి 1,932. ఇందులో ఆ 24, ఆ 12 చూడండి. చాలా ఏళ్ల పాటు కేబుల్ కంపెనీలు ఇలాంటి ఫీజులను ప్రకటనలో చూపే ధరలో కలపకుండా, బిల్లులో మాత్రం వేరే లైన్లుగా వేసేవి. జనం ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేస్తే 2024 మార్చిలో అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన తెచ్చింది, మొత్తం ధర ఒకేచోట చూపాలని. చూపించినంత మాత్రాన ఫీజు తగ్గలేదు.

స్పోర్ట్స్ చానల్ ఈఎస్‌పీఎన్ 1979 సెప్టెంబరులో మొదలైంది. కేబుల్ ప్యాకేజీ తీసుకున్న దాదాపు ప్రతి ఇల్లూ దానికి డబ్బు కట్టేది, ఆట చూసినా చూడకపోయినా. 2011 ప్రాంతంలో అలా దాదాపు 10 కోట్ల ఇళ్లు కట్టేవి, ఇప్పుడు ఏడు కోట్లు కూడా లేవు. లీగులకు ఇచ్చే హక్కుల సొమ్ము మాత్రం పెరుగుతూనే ఉంది. 2025-26 నుంచి మొదలైన బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఒప్పందం 11 ఏళ్లకు దాదాపు 7,600 కోట్ల డాలర్లు. ఆటలు చూడనివాళ్లు ముందు వెళ్లిపోయారు. వాళ్లు కట్టే వాటా కూడా మిగిలినవాళ్ల నెత్తిన పడింది. ఇప్పుడు ఆటలు చూసేవాళ్లే వెళ్లిపోతున్నారు.

ధర ఒక్కటే అయితే చాలామంది భరించేవారు. అభిమానిని నిజంగా బాధపెట్టింది వేరే. డబ్బు కట్టినా తన జట్టు ఆట కనిపించకపోవడం. లాస్ ఏంజెలెస్‌లో బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్ 25 ఏళ్లకు 835 కోట్ల డాలర్ల ఒప్పందంతో 2014లో సొంత చానల్ తెచ్చుకుంది. చానల్ అడిగిన ధరకు డైరెక్‌టీవీ లాంటి టీవీ ప్యాకేజీ సంస్థలు ఒప్పుకోలేదు. 2020 వరకు ఆ ఊళ్లో లక్షల ఇళ్లకు సొంత జట్టు మ్యాచ్‌లు రాలేదు. అరవయ్యేడు సీజన్లు ఆ జట్టుకు కామెంటరీ చెప్పిన విన్ స్కల్లీ 2016లో రిటైరయ్యారు. ఆయన చివరి సీజన్లను ఆ ఊరివాళ్లలో ఎంతోమంది ఇంట్లో చూడలేకపోయారు. ఆ అభిమానుల బాధ తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. 2023లో యూఎస్ ఓపెన్ టెన్నిస్ నడుస్తుండగా ఈఎస్‌పీఎన్‌ను నడిపే డిస్నీ, కేబుల్ కంపెనీ చార్టర్ గొడవపడి చానళ్లు ఆగిపోయాయి. 2025 అక్టోబరు 30 నుంచి నవంబరు 14 వరకు, ఇంటర్నెట్‌లో చానళ్ల ప్యాకేజీ అమ్మే యూట్యూబ్ టీవీలోనూ అదే జరిగింది. సరిగ్గా ఫుట్‌బాల్ సీజన్ మధ్యలో. ఇద్దరు పెద్దల బేరంలో నలిగింది నెలనెలా కట్టే మనిషి.

ఇక మీ ఊరి సంగతి. ప్రాంతీయ స్పోర్ట్స్ చానళ్లను పెద్ద సంఖ్యలో నడిపిన డైమండ్ స్పోర్ట్స్ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత డల్లాస్ జట్లు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. హాకీ జట్టు స్టార్స్ 2024లో విక్టరీ ప్లస్ యాప్‌లో ఉచితంగా రావడం మొదలైంది. మావెరిక్స్ మ్యాచ్‌లు 2024-25 సీజన్ నుంచి కేఎఫ్ఏఏ, అంటే చానల్ 29లో, యాంటెన్నా ఉన్న ఎవరికైనా ఉచితం. బేస్‌బాల్ జట్టు రేంజర్స్ 2025లో సొంత నెట్‌వర్క్ పెట్టుకుంది. మీ బాబు మావెరిక్స్ చూస్తాడనే కదా ఆ 12 డాలర్ల ప్రాంతీయ స్పోర్ట్స్ ఫీజు కడుతున్నారు? జాతీయ చానళ్లకు వెళ్లే మ్యాచ్‌లు తప్ప మిగతావన్నీ గాలిలో ఉచితంగా వస్తున్నాయండీ.

అందుకే మొదటి కొనుగోలు ఒక మంచి యాంటెన్నా, 35 డాలర్ల దగ్గర దొరుకుతుంది. డల్లాస్ ప్రాంతంలో ఎక్కువ చానళ్ల టవర్లు నగరానికి దక్షిణాన సీడర్ హిల్‌లో ఉన్నాయి. ఫ్రిస్కో ఉత్తరాన, బాగా దూరం. చిన్న ఇండోర్ ముక్క కొని కిటికీకి అతికిస్తే బొమ్మ ఆగి ఆగి రావచ్చు. దూరం పట్టేది తీసుకుని ఆటిక్‌లో దక్షిణం వైపు తిప్పి పెట్టండి. కేబుల్ ఉండగానే ఒక వారం పరీక్షించండి.

దీంతో కౌబాయ్స్ సంగతి కూడా దాదాపు తీరిపోతుంది. ఆదివారం మ్యాచ్‌లు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీల్లోనే కదా. కేబుల్లోనో స్ట్రీమింగ్‌లోనో మాత్రమే వచ్చే మ్యాచ్ అయినా, ఆడే జట్టు సొంత మార్కెట్లో మామూలు చానల్లో కూడా వేయాలన్నది ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ పద్ధతి. డల్లాస్ పరిసరాల్లో ఉన్నందుకు ఇది మీకు కలిసొచ్చే విషయం.

లాంగ్‌హార్న్స్‌కు మాత్రం డబ్బు కట్టక తప్పదు. టెక్సస్ యూనివర్సిటీ 2024లో కాలేజీ జట్ల లీగ్ ఎస్ఈసీలో చేరింది, ఎస్ఈసీ మ్యాచ్‌లు ఏబీసీ, ఈఎస్‌పీఎన్ చానళ్లలో వస్తాయి. 2025 ఆగస్టు నుంచి ఈఎస్‌పీఎన్‌ను కేబుల్ లేకుండా నేరుగా నెలకు 30 డాలర్లకు తీసుకోవచ్చు. మీ ఆఫీసువాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఆగస్టులో తీసుకుని మళ్లీ ఆగస్టు వరకు అలాగే ఉంచేస్తారు. కాలేజీ ఫుట్‌బాల్ ప్రధానంగా సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు. ఆ నాలుగు నెలలు, ఎన్‌బీఏ ప్లేఆఫ్స్ కోసం ఇంకో రెండు నెలలు. ఆరు నెలలకు 180 డాలర్లు. క్రికెట్ చూపించే విల్లో యాప్ ఏడాది పొడవునా ఉంచండి, నెలకు 10 చొప్పున 120. అమెజాన్ ప్రైమ్ షాపింగ్ కోసం మీ ఇంట్లో ఎలాగూ ఉంటే, అందులో వచ్చే ఎన్‌బీఏ మ్యాచ్‌లకు వేరే ఖర్చు లేదు. పీకాక్ యాప్‌లో మాత్రమే వచ్చే ఎన్‌బీఏ సోమవారం మ్యాచ్‌లను వదిలేయమని నా సలహా. బాబు మరీ బెంగపెట్టుకుంటే ఒక నెల తీసుకోండి.

ప్యాకేజీ పోయాక ఇంటర్నెట్ మీద డిస్కౌంట్ తీసేయవచ్చు కాబట్టి నెలకు 5 డాలర్లు ఎక్కువ వేసుకుందాం, ఏడాదికి 60. యాంటెన్నాతో కలిపి మొత్తం ఖర్చు 395. ఇప్పటి 1,932లోంచి తీస్తే 1,537. అనుకోని వాటికి 137 పక్కన పెడితే 1,400 చేతికొస్తుంది. కేబుల్ తీసి యూట్యూబ్ టీవీ పెట్టుకుంటే? నెలకు 83, ఏడాదికి 996, పైగా విల్లో, ఇంటర్నెట్ పెంపు వేరే. అప్పుడు మిగిలేది 750 దాకా ఉంటుంది. సౌకర్యం కావాలనుకుంటే అదీ తప్పేం కాదు, కానీ మీరు చూసే నాలుగు ఆటలకు అంత ప్యాకేజీ అక్కర్లేదు.

ఒక్క షరతు. దేనికీ వార్షిక ప్లాన్ తీసుకోకండి, ఏడాదంతా చూసే విల్లోకి తప్ప. సబ్‌స్క్రిప్షన్ తీసుకున్న రోజే కాన్సిల్ చేయాల్సిన తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టండి. ఇద్దరి ఫోన్లలోనూ.

మన వాళ్ల పార్టీల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "ఒక బాక్స్ కొనుక్కో, అన్ని చానళ్లూ వస్తాయి, నెలకు పదిహేను డాలర్లే" అని. దయచేసి ఆ జోలికి పోవద్దు. అది దొంగ ప్రసారం. మీ కార్డు నంబరు ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. సరిగ్గా ఫైనల్ రోజున ఆగిపోతే అడిగే నాథుడు ఉండడు, ముందే ఏడాదికి కట్టిన డబ్బు పోతుంది. మీరు వీసా మీద ఉన్నట్లయితే, చట్టానికి విరుద్ధమైన ఏ వ్యవహారానికైనా ఇంకా దూరంగా ఉండాలి.

ఇప్పుడు అసలు డబ్బు. ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన కార్డు బాకీయే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. 2,900 మీద 24 శాతం అంటే ఈ నెల వడ్డీయే 58 డాలర్లు. మీరు కట్టే 100లో అసలుకు చేరుతోంది 42. ఇలాగే వెళ్తే బాకీ తీరడానికి 44 నెలలు పడుతుంది. కేబుల్ తీసేస్తే నెలకు మిగిలే దాదాపు 115ను దీనికి కలిపి నెలకు 215 కట్టండి. 16 నెలల్లో తీరిపోతుంది. ఏ సిప్ అయినా 24 శాతం గ్యారంటీగా ఇవ్వగలదా? అందుకే ముందు ఇది. ఈలోపు ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకూడదు.

తర్వాత కూడా ఇండియా మ్యూచువల్ ఫండ్ వద్దు. సొంత దేశంలో పెట్టాలన్న మీ కోరిక నాకు అర్థమవుతుంది. కానీ అమెరికాలో ట్యాక్స్ కట్టే వ్యక్తి చేతిలోని భారతీయ మ్యూచువల్ ఫండ్లను ఇక్కడి చట్టం పీఎఫ్ఐసీ, అంటే ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీ కింద చూస్తుంది. లాభం మీద పన్ను లెక్క కఠినంగా ఉంటుంది, సాధారణంగా ఒక్కో ఫండ్‌కు ఫారం 8621 వేరుగా వేయాలి. నెలకు వంద, రెండొందల సిప్‌కు అకౌంటెంట్ ఫీజు లాభాన్ని తినేస్తుంది. కొన్ని ఫండ్ హౌస్‌లు అమెరికాలో ఉన్నవాళ్ల డబ్బు తీసుకోవు కూడా.

బాబు కాలేజీకి ఏడేళ్లుంది. కార్డు తీరాక అదే 215ను అతని పేరున, చదువు కోసం పొదుపు చేసే 529 ప్లాన్‌లోకి నెలనెలా ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి సొంత రాష్ట్రం ప్లానే తీసుకోవాలన్న బంధం లేదు, ఖర్చులు తక్కువున్న ఏ రాష్ట్రం ప్లానైనా చూసుకోవచ్చు. ఏడేళ్లలో బాకీకి పోయే 16 నెలలు తీసేస్తే మిగిలిన 68 నెలల్లో మీరు వేసేది 14,620. ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే దాదాపు 16,800 అవుతుంది. అది నా అంచనా మాత్రమే, హామీ కాదు. కాలేజీ దగ్గరపడే కొద్దీ షేర్ల వాటా తగ్గించండి. కుటుంబంతో ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన గట్టిగా ఉంటే మాత్రం 529 తెరిచే ముందు నాకు మళ్లీ రాయండి. చదువుకు కాకుండా తీస్తే లాభం మీద పన్ను, దానికి తోడు 10 శాతం పెనాల్టీ ఉంటాయి.

నేను వాడిన ధరలు 2025 చివరి నాటివి, మీరు తీసుకునే రోజున ఒకసారి సరిచూసుకోండి. కేబుల్ కంపెనీకి ఫోన్ చేసినప్పుడు ముందు అడగాల్సింది మీ కాంట్రాక్టు ఎప్పటివరకు ఉందో, మధ్యలో మానేస్తే ఫీజు ఎంతో. మూడు నెలల్లో ముగిసేదైతే ఫీజు కట్టి బయటపడటం కన్నా ఆగడమే మేలు కావచ్చు. ఇంటర్నెట్ ఒక్కదానికి ధర ఎంతో రాతపూర్వకంగా పంపమనండి. మిమ్మల్ని ఆపడానికి ఆరు నెలలు బిల్లు తగ్గిస్తామంటారు. ఆరు నెలల తర్వాత ఎంతని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. బాక్సులు, రిమోట్లు స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి రసీదు తీసుకోండి, దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఇవ్వలేదంటూ తర్వాత వందల డాలర్ల బిల్లు వస్తే మీకు ఆధారం అదే.