ఆవిడ ఊపిరి తీసుకునే చోటు

చిరంజీవి అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

మీ యూనివర్సిటీ ఆర్కెస్ట్రా కచేరీలో జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ ‘ఫోర్ లాస్ట్ సాంగ్స్’ (నాలుగు ఆఖరి పాటలు) పెట్టారనీ, మూడో పాటలో సోలో ఫిడేలు నీదేననీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. సంతోషం సగం, భయం సగం, రాత్రంతా నిద్ర పట్టలేదు.

ముందురోజు కొత్త తీగలు వెయ్యకు. భోంచేసి వెళ్లు. తెల్లవార్లూ సాధన చేసి భుజం నొప్పి తెచ్చుకున్నావంటే ఊరుకోను.

ఆ పాట డి ఫ్లాట్ మేజర్ అనే స్కేలులో ఉంటుంది. వేలు పెట్టకుండా మోగే మన నాలుగు ఖాళీ తీగల స్వరాల్లో ఒక్కటి కూడా ఆ స్కేలులో లేదు కాబట్టి తీగలు నీకు తోడు మోగవు, శ్రుతి భారమంతా నీ వేళ్ల మీదే. దానికి సాధన చాలు.

నా టెన్షన్ వేరు. రెండో చరణం అయ్యాక నీ సోలో వస్తుంది. అది ముగిశాక నువ్వు వాయించిన స్వరాలనే పాడే ఆవిడ అందుకుంటుంది. ఆ అందుకునే చోటే నా భయమంతా.

1974లో, మద్రాసులో ఒక సినిమా పాట రికార్డింగ్. నాకు ఇరవయ్యారేళ్లు, అదే మొదటి సోలో బిట్. అప్పట్లో గాయని, వాద్యాలు అంతా ఒకేసారి. ఎవరు తప్పినా మళ్లీ మొదటినుంచి టేక్. అది దుఃఖం పాట. దుఃఖమంటే ఏమిటో అందరికీ చూపిద్దామనుకున్నాను. రిహార్సల్లో లేని గమకాలు వేశాను, చివరి స్వరం మీద కమాను లాగుతూనే ఉన్నాను. అద్దం వెనక గాయని చరణం ఎత్తుకోవడానికి ఊపిరి పీల్చింది. నేను ఆపలేదు. ఆవిడ భుజాలు అలా పైకే ఉండిపోయాయి. ఆరోజు ఆవిడకి జ్వరం. పట్టుకున్న ఊపిరి దగ్గై బయటికొచ్చింది, టేక్ పోయింది. నన్నెవరూ తిట్టలేదు. ఆవిడ ఫ్లాస్కులో వేణ్ణీళ్లు తాగి, ‘నాక్కూడా కాస్త చోటివ్వండి బాబూ’ అంది. తర్వాతి టేకులో ఉన్నది ఉన్నట్టు వాయించాను. ఇంటికెళ్లాక అన్నం సయించలేదు.

స్ట్రాస్ పాతికేళ్ల వయసులో ఒక మనిషి చావును ఊహించి, పెద్ద హోరుతో ఆర్కెస్ట్రాకి రాశాడు. 1948లో, ఎనభై మూడేళ్లకి, ఈ పాటల్లో ఒకదాని చివర, ఇది చావేనా అని గొంతు అడిగాక, ఆ పాత స్వరాలనే మెల్లగా మళ్లీ వినిపించాడు. 1949 సెప్టెంబరులో పోయాడు. మరుసటి ఏడు మే నెలలో లండన్‌లో తొలిసారి పాడినప్పుడు వినడానికి ఆయన లేడు. ఆ వయసంతా ఆయన స్వరాల్లోనే పెట్టి వెళ్లాడు తల్లీ. ఇరవయ్యేళ్ల దానివి, నువ్వు కొత్తగా ముసలితనం తెచ్చిపెట్టుకోకు.

నీ పాట నిద్రకు ఒరిగే పాట. ఆఖరి రోజుల్లో మీ అమ్మమ్మ రాత్రిపూట నన్ను ఫిడేలు వాయించమనేది. కమాను కాస్త బరువుగా పడితే కళ్లు తెరవకుండానే దుప్పటి మీద చూపుడువేలు ఎత్తేది. నేను తగ్గించేవాణ్ణి.

నీ కుర్చీలోంచి పాడే ఆవిడ వీపే కనబడుతుందేమో. భుజాలు చూస్తూ ఉండు, లేవగానే కమాను తేలిక చెయ్యి.

కచేరీ మాకు తెల్లవారుజామున పడుతుందట. లైవ్ ఉంటే లింకు మీ అమ్మకి పంపు. నేను నాలుగింటికే లేచి కూర్చుంటాను.

మీ తాతయ్య