మీ ప్రశ్నలు: జాజ్ వాళ్లతో వాయించాలంటే గమకాలు వదిలేయాలా?

ప్రశ్న: నేను 14 ఏళ్లుగా కర్ణాటక వయొలిన్ వాయిస్తున్నాను. పియానో, బేస్, డ్రమ్స్, శాక్సఫోన్ ఉన్న ఒక జాజ్ బృందం వాళ్ల ఆల్బమ్‌లో రెండు ట్రాక్‌లకి నన్ను పిలిచింది. ఒకటి తోడి రాగం మీద, రెండోది బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాటల బాణీ). మొదటి రిహార్సల్ అయిపోయింది. తోడిలో నా గాంధారం పియానోకి అడ్డం పడుతోందని గమకం తగ్గించమన్నారు. తగ్గిస్తే అది తోడిలా వినపడలేదు. బ్లూస్‌లో అయితే వాళ్ల లెక్క మధ్యలోనే తప్పిపోయాను. చాలా టెన్షన్‌గా ఉందండీ, ఒప్పుకుని తప్పు చేశానా?

జవాబు: తప్పేమీ చేయలేదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, మాత్రం తగ్గించకండి. తగ్గాల్సింది పియానో.

తోడిలో సాధారణ గాంధారం ఒక చోట నిలబడే స్వరం కాదని మీకు నేను చెప్పక్కర్లేదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది, ఆ ఊపే తోడి. పియానోలో మీట నొక్కితే స్వరం ఒక్క చోటే మోగుతుంది. పియానిస్టు స-గ-ప ఒకేసారి నొక్కి కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) పట్టుకుని కూర్చుంటే, ఆ కదలని గాంధారం మీద మీ కదిలే గాంధారం ప్రతిసారీ అపస్వరంలాగే వినిపిస్తుంది. నేనూ ఒకసారి ఇలాంటి రిహార్సల్‌లో ఇరుక్కున్నాను. అరగంట వాదించుకున్నాక పియానిస్టుని గాంధారం వదిలేసి కింది స్థాయిలో షడ్జం, పంచమం మాత్రమే వాయించమని అడిగాను. అంతే, రాగానికి మళ్లీ ఊపిరాడింది. మీరూ ముందు ఇదే అడగండి. ఆలాపన సాగినంతసేపు పియానో ఆపేసి, బేస్ ఒక్కటే షడ్జం పట్టుకున్నా బాగుంటుంది.

మీ పియానిస్టుకి నచ్చచెప్పడం కష్టమేమో అనుకోకండి, ఎందుకంటే ఈ ఇబ్బంది జాజ్ వాళ్లకి కొత్త కాదు. బ్లూస్‌లో వాళ్లకీ నిలకడలేని గాంధారం ఒకటుంది, బ్లూ నోట్ అంటారు, మన సాధారణ గాంధారానికీ (కింది గ) అంతర గాంధారానికీ (పై గ) మధ్య ఎక్కడో తిరుగుతుంది. గాయకులు, శాక్సఫోన్ వాళ్లు దాన్ని వంచి పలికిస్తారు. పియానోలో వంచడానికి వీల్లేదు కాబట్టి పియానిస్టులు ఒక మీట మీంచి పక్క మీటకి జారడమో, రెండూ కలిపి నొక్కడమో చేసి ఆ భ్రమ కలిగిస్తారు. రిహార్సల్‌లో మీరు ముందు ఆ బ్లూ నోట్ వయొలిన్ మీద వాయించి చూపించి, వెంటనే తోడి గాంధారం వాయించండి. మాటలతో పనిలేకుండా ఆయనకి అర్థమైపోతుంది.

పైగా జాజ్ వైపు నుంచి మన వైపుకి చాలా దూరం నడిచి వచ్చినవాళ్లున్నారు. జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ కర్ణాటక విద్వాంసులు ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. వీణ మీద తీగ లాగినట్టు గిటార్ మీదా లాగాలని మెట్ల మధ్య చెక్కని గుంటల్లా తొలిపించుకున్నాడు, విడిగా శ్రుతి తీగలు కూడా కట్టించుకున్నాడు. జాజ్‌నీ మన సంగీతాన్నీ కలిపిన శక్తి బృందంలో ఆయన పక్కన వయొలిన్ వాయించిన ఎల్. శంకర్ గమకం వదులుకోవాల్సిన అవసరం రాలేదు, గిటారే మారింది! ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు ఆనందంగా ఉంటుంది.

ఇక లెక్క సంగతి. మామూలు బ్లూస్ 12 బార్లు, బారుకి 4 దెబ్బలు, అంటే 48. ఎనిమిది దెబ్బల ఆదితాళం 6 ఆవర్తనాలు (చుట్లు), సరిగ్గా. ఇంకా మంచి విషయం ఏంటంటే, ముఖ్యమైన కార్డు మార్పులు కూడా మన సమం మీదే, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీదే పడతాయి. మూడో ఆవర్తనం సమంలో మధ్యమం మీద కట్టిన కార్డు వస్తుంది, నాలుగోదానికి షడ్జానికి తిరిగొస్తుంది, అయిదోదానికి పంచమం, ఆరోదానికి మళ్లీ షడ్జం. ఒక వారం రోజులు బేస్ రికార్డింగ్ పెట్టుకుని చేత్తో తాళం వేయండి, తర్వాత తప్పిపోమన్నా తప్పిపోరు. స్వింగ్, అంటే జాజ్‌లోని ఊగే నడక కోసం తకిట అనుకోండి, త-కి కలిపి ఒక స్వరం, ట మీద ఇంకొకటి. కానీ గడియారంలా కచ్చితమైన తిశ్రం (మూడు సమాన భాగాల నడక) వాయించేయకండి. వేగం పెరిగేకొద్దీ వాళ్లు ఆ రెండు స్వరాలనీ సమానం చేసుకుంటూ పోతారు. అది డ్రమ్మర్ కొట్టే సింబల్ (లోహపు పళ్లెం) వింటూ పట్టుకోవాల్సిందే, కాగితం మీద రాదు.

రికార్డింగ్ రోజున మీ తంబూరాని పియానో శ్రుతికి కలపండి, పియానో మీ కోసం మారదు. తోడిలో తంబూరా హెడ్‌ఫోన్‌లో ఉండాలి, బ్లూస్‌లో కార్డులు మారుతుంటే అదే తంబూరా అడ్డం పడుతుంది కాబట్టి ఆపేయమనండి. ఆలాపనకి క్లిక్ ట్రాక్ (హెడ్‌ఫోన్‌లో టిక్ టిక్‌మని లెక్క చెప్పే శబ్దం) వద్దు. మీ ఆలాపనలోని ఒక పలుకు ఆ ట్రాక్‌కి పల్లవిలా మారితే స్వరకర్తగా మీ పేరు వేస్తారా అన్నది మైక్ ముందు కూర్చోకముందే కాగితం మీద తేల్చుకోండి, మొహమాటపడకండి.

ప్రశ్న: నేను వినేవాణ్ణే, వాయించను. శాస్త్రీయం, జాజ్ కలిసిన రికార్డింగులు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: శక్తి మొదటి ఆల్బమ్‌తో. 1975లో అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో ఒక కాలేజీ కచేరీలో జనం ముందు రికార్డ్ చేశారు, 1976లో వచ్చింది. జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం ఒకరినొకరు తరుముకుంటుంటే శ్రోతల కేకలు కూడా వినిపిస్తాయి. తర్వాత 2008లో వచ్చిన కిన్స్‌మెన్ వినండి. రెండు శాక్సఫోన్లు, ఒకటి కద్రి గోపాలనాథ్ గారిది, ఇంకొకటి జాజ్ వాయించే రుద్రేశ్ మహంతప్పది. ఒకే వాద్యం కాబట్టి ఎవరిది ఏ బాణీయో చెవికి తేలిగ్గా తెలుస్తుంది. పాశ్చాత్య శాస్త్రీయం కావాలంటే హంగరీ స్వరకర్త బెలా బార్టోక్ 1940లో స్వయంగా పియానో వాయించిన కాంట్రాస్ట్స్ ఉంది, క్లారినెట్, వయొలిన్, పియానోల కోసం రాసిన రచన. అందులో క్లారినెట్ వాయించింది జాజ్ బృందాలు నడిపిన బెన్నీ గుడ్‌మన్, ఆయన అడిగించబట్టే బార్టోక్ దాన్ని రాశాడు. మొదటిసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని క్లారినెట్‌నే పట్టుకుని వినండి, రెండోసారి వయొలిన్‌ని.